మూడో గేరు

కాలెత్తి సీటు దాటించడం ఇప్పుడొక పని.
ఎడం చెయ్యి హ్యాండిల్ మీద ఆనించి,
కుడి మోకాలికి ముందుగా ఓ మాట చెప్పి,
మెల్లిగా, పడుకున్న దూడని దాటినట్టు.
ఎక్కాక వయసు దిగిపోతుందని అనను.
అదీ ఎక్కుతుంది,
నాతోపాటే సర్దుకు కూర్చుంటుంది.

గాబ్రియేలు హ్యాండిల్‌ని అంగుళంన్నర లేపాడు.
"వంగి తోలడానికి మీరేం పందెం గుర్రమాండీ"
అన్నాడు పాలకొల్లు షెడ్డులో, నోట్లో నట్టు పెట్టుకునే.
సీటు విప్పి, లోపల మెత్తటిదేదో పొదిగి,
పరుపులు కుట్టే మీరాసాహెబు చేత మళ్ళీ కుట్టించాడు.
ముందద్దం నా గడ్డం ఎత్తుకొచ్చింది.
గాలి ఇప్పుడు నా మీదుగా వెళ్తుంది, నాలోంచి కాదు.
పక్కన రెండు పెట్టెలు:
ఒకదాంట్లో వానకోటు, బీపీ మాత్రలు,
రెండోదాంట్లో మా ఆవిడ పురమాయించినవి.
నిన్న కందదుంప.

కొండ మలుపుల కోసం పుట్టిన బండట ఇది.
మాకు కొండల్లేవు.
మా వైపు అన్నిటికన్నా ఎత్తైనది ఏటిగట్టు.
మలుపులున్నాయి గానీ అవి కాలవ్వి,
తొందరపడి తిరగవు.
ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క రొయ్యల చెరువులు,
మధ్యన తారు మీద ఎవరివో ఆరబోసిన వడ్లు.
అక్కడ దిగి నడిపిస్తాను.
చక్రానికి అంటిన గింజలు ఇంటిదాకా వస్తాయి.

లాకుల దగ్గర ముప్పై మూడేళ్ళు చేశాను.
తలుపు ఒక్కసారే ఎత్తకూడదు.
కాస్త ఎత్తి, నీటి చప్పుడు విని,
సరంగు మొహం చూసి, మళ్ళీ కాస్త.
యాక్సిలేటరూ అంతే, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.
పడవలు పోయాయి. చక్రాలకి తుప్పు పట్టింది.
మోపెడు మీద గట్లెంట తిరిగిన నా నడుము మాత్రం
ప్రతి గోతినీ రాసి దాచుకుంది.
గ్రాట్యుటీ చేతికొచ్చిన రోజు భ్రమరాంబ అంది,
"ముందు ఆ నడుముకి వైద్యం చేయించండి."
చేయించాను.
నీలం రంగుది, పాతదే,
విశాఖలో ఒక నేవీ ఆయన వాడి అమ్మింది.
మూడు వారాలు మాట్లాడలేదు నాతో.

మొన్న నరసాపురం రేవులో పంటు ఎక్కిస్తుంటే
తడి చెక్క మీద కాలు జారింది.
మూడు బస్తాల ధాన్యం కన్నా బరువు.
పడలేదు, పడుకుంది.
నేనూ పక్కన కూర్చుండిపోయాను.
ఐసు పెట్టెలు మోసే కుర్రాళ్ళు నలుగురొచ్చి
చల్లటి చేతులతో లేపారు, ముందు బండిని, తర్వాత నన్ను.
"ఎంత లాగుద్దండీ ఇది?"
తెలీదన్నాను.
"కొత్తగా కొన్నారా?"
పదకొండు వేల కిలోమీటర్లు తిరిగానన్నాను.
ఒకడు నవ్వు ఆపుకోవడానికి ఏటివైపు తిరిగాడు.

ఆరు గేర్లున్నాయి.
ఆరోది ఒక్కసారే చూశాను, రావులపాలెం వంతెన మీద,
కింద గౌతమి, పొద్దున్నే, ఎవరూ లేరు.
బాగుంది. చూసి వచ్చేశాను.
నేనుండేది మూడోదాంట్లో.
అందులో ఇంజను గొణగదు, అరవదు,
పక్కింటాయన పేపరు చదువుతున్నట్టుంటుంది.

భ్రమరాంబ ఎక్కింది చివరికి,
అదీ ఆటోలు బందు కాబట్టి.
చీర కుచ్చెళ్ళు ఒడిసిపట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి,
"కుర్చీలాగే ఉందే" అంది, కొంచెం కోపంగా.
తర్వాత మాట లేదు.
పెళ్ళివాళ్ళ మీద ఏదో చెబుతున్నాను నేను.
లంకలకోడేరు దాటాక నా వీపుకి తగిలింది
ఆవిడ హెల్మెట్, టక్కుమని.
కాసేపాగి మళ్ళీ.
నిద్రపోయింది.

మా ఇంటి మలుపు వచ్చింది.
తిరగలేదు.
క్లచ్ ముట్టుకుంటే లేస్తుందేమోనని
అదే గేర్లో, అదే వేగంతో, కాలవ ఎటు తీసుకెళ్తే అటు
మార్టేరు దాకా వెళ్ళొచ్చాం.
ఆవిడకి ఇప్పటికీ తెలీదు.
పెట్రోలు ఏమైపోతోందని మాత్రం అడుగుతుంటుంది.